చెరువు మూసిన వేసవి

చెరువు పచ్చబడిందని మా ఇంట్లో మొదట అన్నది అమ్మ. నాన్న ఒప్పుకోలేదు. ఎండలు ముదిరితే నీళ్లు రంగు తిరగడం కొత్తేమీ కాదంటూ రేవు మెట్ల మీద కూర్చుని తెడ్లకు వార్నిష్ వేసుకుంటూనే ఉన్నాడు. నాన్నకు ఆ చెరువు సొంత పెరడు కింద లెక్క. తెడ్లవీ, కాళ్లతో తొక్కేవీ మా పడవలు రేవులో వరసగా కట్టి ఉండేవి. సెలవు రోజైతే జనం గట్టు దాకా బారులు తీరేవాళ్లు. వేసవి బాగా ఆడిందంటే మిగతా ఏడాది మాకు చీకూ చింతా ఉండేది కాదు. నేను చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, టికెట్లు చింపుతూ, పడవల పగుళ్లు పూడుస్తూ, "ఇంకా ఇక్కడే ఉన్నావా" అని అడిగినవాళ్లకల్లా నవ్వి ఊరుకుంటూ ఉన్న రోజులవి.

అంతలో ఒక కుక్క చచ్చిపోయింది. ఫోటో స్టూడియో ఆయన కుక్క అది. ఆయన దాన్ని పడవలో ఎక్కించుకుని షికారుకి తీసుకెళ్తే, మధ్యలో నీళ్లలోకి దూకి, ఈదులాడి, కడుపునిండా తాగి వచ్చింది. సాయంత్రానికల్లా కాళ్లు బిగుసుకుపోయి ఆయన ఒళ్లోనే పోయింది. మర్నాడు పొద్దున్నే ప్రాంతీయ మండలి వాళ్లొచ్చి రేవులో ఎర్రబోర్డు పాతారు. నీళ్లలో దిగకూడదు, నీళ్లు తాకకూడదు, పడవలు నడపకూడదు.

వీధులూ దీపాలూ చెత్తా మున్సిపాలిటీ చూసుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి చెరువులూ వాగులూ గట్లూ పీల్చే గాలీ చూసుకునేది మండలి. దాని సభ్యులకి మేమే ఓట్లేస్తాం గానీ, వాళ్లు కూర్చుని ఏం చేస్తారో అప్పటిదాకా మాకెవరికీ తెలీదు. "గాలికి కూడా ఆఫీసు పెట్టుకున్నారు" అని నాన్న ఎప్పుడూ నవ్వేవాడు. ఆ పొద్దున మాత్రం నవ్వలేదు. బోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగి, చెరువుకి జ్వరమొస్తే నా పొయ్యి ఆర్పడమేమిటని, బోర్డు పాతుతున్న కూలీతోనే పోట్లాట పెట్టుకున్నాడు. ఆయన పాపం గడ్డపార భుజాన వేసుకుని తన దారిన తాను పోయాడు.

ఇక మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మకి తమ్ముడు. చెరువు ఎగువన వాగు ఒడ్డునే వాళ్ల పశువుల కొట్టం. తాతల నాటి పాల వ్యాపారం. రోజూ పొద్దున్నే మా ఇంటికి పాలు తనే స్వయంగా తెచ్చేవాడు. పాలివ్వడం ఒక వంక. అసలు పని, గుమ్మం మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతూ నాన్నని ఆటపట్టించడం. బోర్డు పెట్టిన మర్నాడు కూడా అలాగే కూర్చుని, "పడవలమ్మేసి ఆవుల్ని కొనుక్కో బావా, మేత నీ చెరువులోనే పండుతోంది" అన్నాడు. నాన్న కూడా తక్కువ తినలేదు. నీ ఆవులకి ఈత నేర్పి, వాటి మీదే జనాన్ని తిప్పుతానన్నాడు. అమ్మ లోపల్నుంచి వింటూ నవ్వుకునేది. నాన్న మీద అలిగినప్పుడల్లా అమ్మ సంచీ పట్టుకుని గట్టు వెంబడి ఆ ఇంటికే నడిచి వెళ్లిపోయేది. సాయంత్రం నాన్న పడవేసుకుని వెళ్లి తెచ్చుకునేవాడు. మా ఇంట్లో తగాదాలన్నీ ఆ నీళ్ల మీదుగానే తీరేవి.

బోర్డు పడ్డాక కొద్ది రోజులకి ఒకామె వచ్చింది. వెడల్పాటి టోపీ, భుజానికి బరువైన పెట్టె, ఆ పెట్టెలో గళ్లుగళ్లుగా ఖాళీ సీసాలు. మండలిలో నీళ్లు పరీక్ష చేసే ఉద్యోగి. మండలి మోటారు పడవ మరమ్మతులో ఉందట. చెరువు మధ్యకి వెళ్లాలి, ఒక పడవ ఇస్తారా అని అడిగింది.

"పడవలు నడపకూడదని రాసింది మీరేగా" అన్నాడు నాన్న, తెడ్డు మీంచి తల ఎత్తకుండా.

అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. జబ్బేమిటో చూడ్డానికొచ్చిన మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపుతారా ఎవరైనా అని, నా వైపు తిరిగి, నువ్వు తీసుకెళ్లు అంది. అలా మొదలైంది నా పని. ఆవిడ పేరు అడిగి తెలుసుకున్నా, మా ఇంట్లో మాత్రం 'సీసాలమ్మాయి' అనే పేరే స్థిరపడింది.

చెరువు మధ్యలో నీళ్లు పెయింటు డబ్బా ఒలికినట్టు ఉన్నాయి. తెడ్డు వేస్తే గీత పడి, వెనకే మళ్లీ మూసుకుపోయేది. సీసాలమ్మాయి తాడుకి కట్టిన తెల్లా నల్లా బిళ్ల ఒకటి నీళ్లలోకి దింపి, అది కంటికి కనిపించకుండా పోయేదాకా తాడు వదిలింది. అంత దూరమేమీ పోలేదు. నా మోచెయ్యంత లోతులోనే మాయమైంది. ఎండల వల్లేనా అని అడిగాను.

"ఎండ తోడైంది, అంతే. దీనికి అసలు జబ్బు తిండి ఎక్కువైపోవడం."

"చెరువుకి తిండా?"

"ఎరువు, పేడ, సబ్బు నీళ్లు. అవన్నీ నాచుకి విందు భోజనం" అంది. నాచుల్లో ఇది విషం కక్కే రకమని చెప్పి, సీసాకి మూత బిగించి నా చేతికిచ్చింది.

వేసవంతా అలా తిరిగాం. మొదట్లో చెరువు నాలుగు మూలలా ఆగేవాళ్లం. రానురాను ఆవిడ నన్ను ఒకే చోటికి పోనిమ్మనేది. మావయ్య కొట్టం కింద వాగు వచ్చి కలిసే చోటికి. ఏ సీసా ఎక్కడిదో ఆవిడ చెప్పకపోయినా తెడ్లు వేస్తున్నది నేనే కదా. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఇదంతా మా మావయ్య వల్లేనా అక్కా?"

ఆవిడ చేతిలో సీసా పెట్టెలో సర్దింది. "ముందు ఆయనకి చెప్పాలి. ఆయన కన్నా ముందు నీకు చెప్పడం న్యాయం కాదు. నువ్వు ఆయన మేనకోడలివైనా సరే" అంది. ఆ మాటకి నాకు ఆవిడ మీద కోపం రాలేదు. భయమేసింది. అయినా ఆ జవాబుకి ఇవాళ్టికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. తరవాత ఈ పనిలో నేను నేర్చుకున్నవాటిలో సగం ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

మర్నాడు పాలు రాలేదు. ఎండ బాగా ఎక్కాక మావయ్య ఖాళీ చేతుల్తో వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా కొట్టం మీద ఫిర్యాదు పెట్టాలనుకుంటే నాతో చెప్పి పెట్టొచ్చుగా బావా" అన్నాడు. "పడవ నీది, తెడ్లేసేది నీ కూతురు. మధ్యలో ఆ మండలి వాళ్లెందుకు?"

నాన్నకి అసలు సంగతేమిటో తెలీదు. వాగు నీళ్లలో కొట్టం కడిగిన మురికి కలుస్తోందనీ, నాచుకి అదే ముఖ్యమైన తిండనీ మండలి తేల్చిందని మావయ్య నోటే విన్నాడు. ఒక్క క్షణం బిత్తరపోయి, "అయితే నా రేవు మూయించింది నువ్వన్నమాట" అన్నాడు. ఆ తరవాత మాటా మాటా పెరిగింది. ఏమేం అనుకున్నారో అవన్నీ ఇక్కడ చెప్పను. బావా బావమరుదులు రోజూ సరదాకి అనుకునే మాటలే. ఆ రోజు సరదా తీసేసి అనుకున్నారు.

నేనే మావయ్య వెనకాల పరిగెత్తి, ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు, నీళ్లే చెప్పాయి అన్నాను. "నీళ్లకి నోరెప్పుడొచ్చిందే" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో కాఫీ ప్యాకెట్ పాలతో. నాన్న ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు గానీ బాగాలేదని అనేవాడు కాదు. అమ్మ ఇద్దరిలో ఎవర్నీ సమర్థించలేదు. ఆ వేసవిలో అమ్మకి పెద్ద కష్టమేమిటంటే, అలిగి వెళ్లడానికి చోటు లేకుండా పోయింది. అలిగితే ఇంట్లోనే అలగాలి. ముందు గదిలోంచి వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. నాన్న తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సాయంత్రానికల్లా తీరిపోయే అలకకి రెండు రోజులు పట్టేది.

రేవులో చిన్న కొట్లవాళ్లు, బెలూన్ల ఆయనా, ఐస్‌క్రీం ఆయనా అందరూ నాన్న చుట్టూ చేరి, కొట్టం మూయిస్తే గానీ మనకి బతుకు లేదని రోజూ నూరిపోసేవాళ్లు. మండలి బహిరంగ విచారణ పెట్టింది. చెరువు మీద ఆధారపడ్డవాళ్లెవరైనా వచ్చి మాట్లాడొచ్చు. నాన్న అందరి తరపునా మాట్లాడాలని వాళ్లే తేల్చారు. పడవ అడుగున గీకుతూ నాన్న ఏవో మాటలు తనలో తను పేర్చుకోవడం నేను విన్నాను. అన్నీ కటువుగానే ఉన్నాయి.

మండలి హాలు పెద్దదేం కాదు. పైన ఫ్యాన్లు కిర్రుమంటూ, కింద ప్లాస్టిక్ కుర్చీలు. సభ్యులు గుర్రపు నాడా ఆకారపు బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్య కుర్చీలో అధ్యక్షురాలు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఊరందరికీ నర్సమ్మ. ఎవరైనా గొంతు పెంచితే, ఇంజెక్షన్ భయంతో ఏడ్చే పిల్లల్ని చూసినట్టు ఓపిగ్గా చూసేది. గొంతు దానంతటదే తగ్గేది.

సీసాలమ్మాయి గోడకి పటం తగిలించింది. చెరువులోకి మురికి వచ్చే చోట్లన్నీ అందులో రంగుల్లో ఉన్నాయి. మావయ్య వాగు దగ్గర ముదురు రంగు, నిజమే. కానీ ఊరి మురుగు కాలవా ఉంది, కూరగాయల తోటలూ ఉన్నాయి, రేవులో మేం పడవలు కడిగే సిమెంటు చపటా కూడా ఉంది. అది చూడగానే నాన్న కుర్చీలో కదిలాడు. ఐస్‌క్రీం ఆయన నాన్న మోచెయ్యి పొడిచాడు.

మావయ్య మాట్లాడాడు. తాత నాటి నుంచీ నీళ్లు అలాగే పారుతున్నాయనీ, అప్పుడు లేని జబ్బు ఇప్పుడెందుకొచ్చిందో తనకి తెలీదనీ అన్నాడు. అప్పట్లో ఆవులెన్ని, ఇప్పుడెన్ని అని ఒక సభ్యుడు మెల్లగా అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మధ్యలో ఆపేశాడు. మా మావయ్య మాట కోసం తడుముకోవడం నేను చూడటం అదే మొదలు. కూర్చునేటప్పుడు కుర్చీ ఎక్కడుందో వెనక చేత్తో వెతుక్కున్నాడు.

తరవాత నాన్న లేచాడు. రేవు ఎంతకాలంగా మూసి ఉందో చెప్పాడు. కొట్లవాళ్ల కష్టం చెప్పాడు. అక్కడిదాకా పేర్చుకున్న మాటలే. ఆ పైన ఆగిపోయాడు. నర్సమ్మ కాసేపు చూసి అడిగింది.

"కొట్టం మూయించమని అడుగుతున్నారా?"

నాన్న మావయ్య వైపు చూడలేదు. అమ్మ వైపూ చూడలేదు. బల్ల మీద నీళ్ల గ్లాసు వైపు చూస్తూ, "మూసేస్తే మా ఆవిడ అలిగి ఎక్కడికి వెళ్తుందమ్మా?" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. అమ్మ చేత్తో నోరు మూసుకుని తల వంచేసింది. మావయ్య నవ్వలేదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు. నాన్న కూర్చున్నాడు. ఐస్‌క్రీం ఆయన కూడా ఈసారి మోచెయ్యి పొడవలేదు.

నర్సమ్మ నవ్వులు సద్దుమణిగేదాకా ఆగింది. "సరే. అయితే మూయకుండా ఎలాగో చూద్దాం" అంది. "అది తేలేదాకా ఎవరూ లేవొద్దు."

నిజంగానే లేవనివ్వలేదు. సభ్యుల్లో ఇద్దరు గట్టిగా ఎదురు తిరిగారు. ఒకాయన కొట్టం మూయాల్సిందేనన్నాడు. ఇంకొకాయన ఇదంతా అనవసరం, వానలొస్తే అదే సర్దుకుంటుందన్నాడు. నర్సమ్మ ఇద్దర్నీ పూర్తిగా చెప్పనిచ్చి, ఒక్కొక్క షరతూ చదివించి, చేతులెత్తించింది. వాగు పొడవునా ఒక పట్టీ మేర మావయ్య నేల వదిలి కంచె వెయ్యాలి. ఆ పట్టీలో మురికిని పీల్చుకునే రెల్లూ తుంగా నాటాలి. మొక్కలు మండలివి, కూలీ కూడా మండలిదే. కొట్టం కడిగిన నీళ్లు గుంటలో తేరాలి, పేడ తోటలకి పోవాలి. ఊరి కాలవ బాగుచేస్తామని మున్సిపాలిటీ చేత మండలి రాయించుకుంటుంది. పడవల్ని ఇకమీద చపటా మీద కాదు, గడ్డి మీద కడగాలి. ఇవన్నీ అయి, నీళ్లు బాగుపడ్డాయని తేలేదాకా రేవు తెరవరు. అంటే ఆ ఏడాదికి మా వేసవి పోయినట్టే.

బయటికొచ్చాక కొట్లవాళ్లు నాన్నతో మాట్లాడకుండా వెళ్లిపోయారు. మావయ్యా వెళ్లిపోయాడు. పాలూ రాలేదు. ఒక్క మాటతో అన్నీ చక్కబడితే ఇంకేం.

వాగు పక్క పట్టీ అంటే మావయ్యకి మామూలు నేల కాదు. ఎండాకాలంలో కూడా పచ్చిమేత దొరికే చోటు అదే. మండలి కూలీల్ని రావద్దని చెప్పి, కంచె తనే ఒంటరిగా వేసుకుంటున్నాడని అమ్మకి ఎవరో చెప్పారు. నాన్న ఆ మాట విన్నాడు. మర్నాడు గడ్డపార పట్టుకుని గట్టు వెంబడి బయల్దేరాడు. తీగ చుట్ట మోసుకుంటూ నేనూ వెనకే వెళ్లాను.

మావయ్య గుంట తవ్వుతున్నవాడు ఆగాడు. "నిన్నెవరు రమ్మన్నారు?"

"మీ అక్క" అన్నాడు నాన్న. అమ్మ అలాంటి మాటే అనలేదు.

"అక్క పంపితే సరే" అని మావయ్య పక్కకి జరిగాడు.

ఎండలో చాలాసేపు గడ్డపార చప్పుడు తప్ప ఇంకేం లేదు. రాళ్ల నేల. ఒక్కొక్క గుంటకీ ఒళ్లు హూనమవుతోంది. మధ్యాహ్నం అవుతుండగా నాన్న చెమట తుడుచుకుంటూ ఒక రాటని ఓరగా చూసి, "అది వంకరగా ఉంది" అన్నాడు.

"రాట తిన్నగానే ఉంది. నీ మెడే వంకర."

"నా మెడ వంకరైంది పాతికేళ్లుగా మీ అక్కకి తలూపి."

మావయ్య నవ్వు ఆపుకోబోయాడు, అది దగ్గుగా బయటికొచ్చింది. అత్తయ్య కొట్టంలోంచి మజ్జిగ తెచ్చింది. నేను తీగ సాగదీస్తూ మొహం అటు తిప్పుకున్నాను. అప్పుడు నా మొహం ఎవరైనా చూస్తే ఏడుస్తున్నాననుకుంటారు.

తొలకరి పడగానే నాటడం మొదలైంది. వాగు మూలకి బురదలో బండి పోదు. మొక్కలు మోయడానికి పడవలు కావాలని మండలి నాన్ననే అడిగింది. ఆ వేసవంతా కట్టేసి ఉన్న పడవలు ఒక్కొక్కటే తాళ్లు విప్పుకుని, మనుషుల బదులు రెల్లు మొక్కలు ఎక్కించుకుని బయల్దేరాయి. రేవు కొట్లవాళ్లు మొదట దూరంగా నిలబడి చూశారు. తరవాత ఐస్‌క్రీం ఆయన పాంటు మడుచుకుని దిగాడు. ఆయన వెనకే మిగతావాళ్లు. ఫోటో స్టూడియో ఆయన కూడా వచ్చాడు. కెమెరా తేలేదు. పొద్దుగూకేదాకా మొక్కలు నాటాడు. ఆయన ఎదురుపడితే ఏమనాలో తెలీక మావయ్య తన చేతిలో మొక్కల కట్ట ఆయనకిచ్చాడు. ఆయన తీసుకున్నాడు. నర్సమ్మ మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని వచ్చి, వరసలు తిన్నగా లేవని అందర్నీ మందలించి, తన వంతు తనూ నాటి వెళ్లింది.

చెరువు ఆ ఏడు తేటపడలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. పెద్ద వానకి కొన్ని వరసలు కొట్టుకుపోయాయి, మళ్లీ నాటాం. మా ఇల్లు ఎలా గడిచిందంటే, నాన్న ఊళ్లో తలుపులూ కిటికీలూ బాగుచేశాడు, అమ్మ కుట్టుమిషను దుమ్ము దులిపింది, మావయ్య పాలు మళ్లీ ముందులాగే వచ్చాయి. ఆ తరవాతి ఏడాది రేవు కొన్ని వారాలు తెరిచారు. ఆపై ఏడాది ఇంకొన్ని. ఇప్పుడు ఎండాకాలంలో చాలా భాగం తెరిచే ఉంటుంది.

నాట్లు వేసిన ఏడే, చలి మొదలవుతుండగా సీసాలమ్మాయికి ఇంకో చెరువుకి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ, ఈ చెరువులో నాకు తెలియని మూల లేదనీ, నేర్పితే నేర్చుకునే మనిషిననీ మండలిలో చెప్పి వెళ్లింది. వాళ్లు పరీక్ష పెట్టి నన్ను సహాయకురాలిగా తీసుకున్నారు. నాకు తిండి పెడుతున్న పని అదే. ఆవిడ దగ్గర నేనేం నేర్చుకున్నానో ఆవిడకి ఎదురుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. బస్సు ఎక్కించేటప్పుడు చెప్పాలనుకుని, దారిలో తినడానికి అరటిపళ్లు చేతిలో పెట్టి వచ్చేశాను.

నేను ఒక్కదాన్నే నమూనా తియ్యడానికి వెళ్లిన మొదటి పొద్దున, నాన్న నన్ను పడవలో వాగు మూలకి తీసుకెళ్లాడు. ఒడ్డున దిగి సీసా ముంచుతుంటే, కంచె అవతల మావయ్య నాతోపాటే నడుస్తూ వచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"ల్యాబుకి పంపాలి మావయ్యా. ఎల్లుండికి తెలుస్తుంది."

"అది కాదే. కంటికి ఎలా ఉంది?"

పరీక్ష రాసిన పిల్లల తండ్రి గొంతు అది. సీసా కంచె మీదుగా ఆయన చేతికిచ్చాను. మావయ్య దాన్ని వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. లేత పచ్చ ఛాయ ఇంకా ఉంది. అయినా అవతల పడవలో చేరిన నీళ్లు మగ్గుతో తోడిపోస్తున్న నాన్న అందులోంచి కనిపిస్తున్నాడు.

"మీ నాన్నకి ఎడమచేతి వాటం ఎప్పట్నుంచే?" అన్నాడు.

"గుండ్రటి సీసాలోంచి అలాగే కనిపిస్తుంది మావయ్యా. కుడి ఎడమవుతుంది."

"కనిపిస్తున్నాడు కదా. అది చాలు." సీసా నాకు రెండు చేతులతో తిరిగిచ్చాడు. "మూత గట్టిగా బిగించు. ఒక్క చుక్క కూడా ఒలకనీకు."